కళ్ళజోడు లేని పెద్దాయన

స్టాంపుల ముద్రణాలయం క్వార్టర్లు, వెనక బ్లాకు
జనవరి

అక్కా,

జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టు గానీ సగం తిట్లు దాచిపెట్టుకో. ఈ ఉత్తరం చివరికొచ్చేసరికి పనికొస్తాయి.

పెద్దాయన పుట్టి వందేళ్ళవుతోంది కదా, ఆయన మీద కొత్త స్టాంపు వేస్తున్నారు. ఉక్కు పలక మీద ఆ ముఖం చెక్కే పని నాకు దక్కింది. ఇన్నేళ్ళూ పిట్టలూ పువ్వులూ వంతెనలూ చెక్కిన చేతికి మనిషి ముఖం ఇవ్వడం ఇదే మొదలు. అదీ దేశం కోసం జైల్లో ప్రాణం వదిలిన మనిషి ముఖం. బాగా వస్తే ఇకపై ముఖాలన్నీ నా బల్ల మీదికే వస్తాయి. చెడితే మళ్ళీ పిట్టలే గతి.

చిక్కంతా కళ్ళతోనే. పాత స్టాంపుల్లో ఆయన గుర్రం మీద ఉన్నాడు, జనం మధ్య చెయ్యెత్తి ఉన్నాడు, అన్నీ దూరం నుంచే. ఈసారి ముఖం దగ్గరగా కావాలన్నారు. ఆఫీసు ఇచ్చిన ఒక్కగానొక్క ఫొటోలో కళ్ళజోడు మీద వెలుతురు పడి, కళ్ళుండాల్సిన చోట రెండు తెల్ల బిళ్ళలున్నాయి. ఏవో రెండు కళ్ళు ఊహించి వేసెయ్యమన్నాడు మా సెక్షన్ హెడ్డు. ఆయన్ని మేం చాటుగా చత్వారం అంటాం, దగ్గరున్నదేదీ ఆయనకి కనపడదు. ఊహించి వేస్తే బొమ్మ అవుతుంది గానీ మనిషెలా అవుతాడు?

అప్పుడు మన ముందు గది గుర్తొచ్చింది. నాన్న పనికి వెళ్ళే ముందు, జైల్లో విరిగిన ఆ కాలు ఈడ్చుకుంటూ వచ్చి రోజూ ఓ క్షణం ఎదుట నిలబడేవాడే, ఆ ఫొటో. ఇంటికొచ్చిన ప్రతివాడూ "కళ్ళజోడు తీస్తే పెద్దాయన ఇలా ఉండేవాడా" అని తెగ మెచ్చుకునేవాడు. దేశంలో ఇంకెవరి దగ్గరా అలాంటిది లేదు. దాన్ని నాకు పంపు. ఆఫీసు ఇచ్చిన ఫొటో తప్ప ఇంకోటి వాడకూడదని రూలుంది కాబట్టి కళ్ళజోళ్ళ పెట్టెలో పెట్టి పంపు. అమ్మకి చెప్పకు. దాని మీద దుమ్ము కూడా ఎవర్నీ దులపనివ్వదు కదా.

నీ తమ్ముడు

*

కళ్ళజోళ్ళ షాపు పై వాటా, మార్కెట్ మెట్ల వీధి
ఫిబ్రవరి

ఒరేయ్ చిన్నోడా,

దాచుకున్న తిట్లు సరిపోలేదు, పక్కషాపులో అరువు తెచ్చుకున్నాను.

ఫొటో పంపుతున్నాను. అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు దించి, దాని చోట క్యాలెండర్లోంచి కత్తిరించిన పెద్దాయన బొమ్మ తగిలించాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి కాలి ముందున్న చెప్పులు కనపడని మనిషి, కూతురికి కళ్ళజోళ్ళ షాపు ఉండి కూడా ఆపరేషన్ అంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి, తడి జుట్టు తుడుచుకుంటూనే "ముందు గదిలో ఏం మార్చావు?" అని అడిగింది. దులిపాను అన్నాను. నమ్మలేదు. నమ్మలేదని నాకు తెలియాలని గ్లాసు కాస్త గట్టిగా పెట్టింది.

ఆ మేకు ఎప్పుడైనా చూశావా? అరచెయ్యంత ఫొటోకి గేదెని కట్టేసేంత మేకు. మనింట్లో సుత్తి పట్టడం వచ్చినవాళ్ళు ఎవరున్నారు? ఎవరు కొట్టారో మరి.

ఇంకో మాట. రాయనా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. చిన్నతనం నుంచీ కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళకి ముక్కుకి రెండు పక్కలా నొక్కులు పడతాయి. జోడు తీసినా అవి పోవు. పొద్దస్తమానం ముక్కులు చూసే బతుకు నాది. ఈ ఫొటోలో మనిషికి నొక్కుల్లేవు. ఎందుకు లేవో నువ్వే ఆలోచించుకో. నేను ఆలోచించడం ఎప్పుడో మానేశాను.

పని కాగానే భద్రంగా పంపెయ్.

అక్క

*

ముద్రణాలయం క్వార్టర్లు
మే

అక్కా,

ముందు కవరు మీద స్టాంపు చూడు. చూశావా? నీ తమ్ముడి చెయ్యి అది.

పలక మీద అంతా కుడి ఎడమగా చెక్కాలి, అప్పుడే అచ్చులో సరిగ్గా పడుతుంది. అందుకని మేం బల్ల మీద చిన్న అద్దం పెట్టుకుని, ఫొటోని అద్దంలో చూస్తూ పని చేస్తాం. ఆఫీసు ఫొటో పైన, మనింటి ఫొటో కింద. ఎవరైనా వస్తే పైది జరిపేవాణ్ణి. ముఖమంతా ఆఫీసుది, అద్దాల వెనక కళ్ళు మాత్రం మనింటివి. ఆ కళ్ళు వచ్చాక పలక నన్నే చూస్తున్నట్టుండేది. సాయంత్రం బోర్లించి గానీ ఇంటికి వచ్చేవాణ్ణి కాదు.

స్టాంపు విడుదల సభకి పెద్దాయన కూతుర్ని తీసుకొచ్చారు. పండు ముసలావిడ. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆవిడ భూతద్దం అడిగి తెప్పించుకుని చాలాసేపు చూసింది. "ముఖం మా నాన్నదే. చూపు మా నాన్నది కాదు" అంది. ముసలావిడ కదా అని సభ నవ్వేసింది. మా డైరెక్టరు గారు నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఇంటికొచ్చి నీ పాత ఉత్తరం తీసి చదివాను. ముక్కు నొక్కుల సంగతి ఎందుకు రాశావు? ఆలోచించడం మానేశానన్నావు, అంటే అంతకు ముందు ఏం ఆలోచించావు? ఫొటోవాళ్ళు నొక్కులు చెరిపేసి ఉంటారులే అని నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు కూడా అదే చెబితే కాస్త నిద్రపడుతుంది.

తమ్ముడు

*

మార్కెట్ మెట్ల వీధి
జూన్

చిన్నోడా,

చెరిపేసి ఉంటారు. సరేనా? పడుకో.

స్టాంపు బాగుందని షాపుకొచ్చిన వాళ్ళంతా అంటున్నారు. నా తమ్ముడే చెక్కాడని నోరు జారాను, ఇక ఈ వీధిలో తెలియనివాడు లేడు. నేనూ భూతద్దం కింద పెట్టి చూశాను. ఎడం రెప్ప కాస్త వాలి ఉంది. ఫొటోలో అంత వాలలేదేమో, నువ్వేమైనా కలిపావా? నాకైతే ఏం తెలియదు.

అమ్మ సంగతి రాయాలి. నీ కవరు వచ్చినప్పుడు తీసుకుని కంటికి ఆనించుకుని స్టాంపు చూసింది. ఎంతసేపు చూసిందంటే కూర్చోమని కుర్చీ వేశాను. తరవాత గోడ దగ్గరికి వెళ్ళి క్యాలెండర్ బొమ్మని వేలితో తడిమింది. మర్నాడు డబ్బులిచ్చి ఆ స్టాంపులు తెమ్మంది. ఈవిడ ఉత్తరాలు రాసే చుట్టాలెవరున్నారు? తోడబుట్టినవాళ్ళు లేరు, పుట్టింటివాళ్ళెవరూ మిగల్లేదు అని మనకి చిన్నప్పట్నుంచీ చెప్పిందిగా. తెచ్చిచ్చాను. తలగడ కింద పెట్టుకుంది. రాత్రి లేచి ఉన్నాయో లేదో చూసుకుంటోంది.

నాకేమీ బాగా లేదురా ఇది.

అక్క

*

ముద్రణాలయం క్వార్టర్లు
జూలై

అక్కా,

ఆ ముసలావిడ మాట పట్టుకుని నా మీద విచారణ వేశారు.

కమిటీ ముందు కిటికీ దగ్గర నిలబెట్టారు. ఒకాయన స్టాంపు పట్టుకున్నాడు, ఇంకొకాయన నా ముఖం పట్టుకున్నాడు, అంటే గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. పశువుల సంతలో పళ్ళు చూసినట్టు చూశారు. చివరికి చత్వారమే అన్నాడు, జీవితంలో మొదటిసారి దగ్గరున్నది కనపడింది కాబోలు: "ఇవి నీ కళ్ళేనయ్యా. పెద్దాయన ముఖంలో నీ కళ్ళు పెట్టుకున్నావు." రుజువు కావాలంటే నా బల్ల మీద అద్దం ఉందట. చెక్కే ప్రతివాడి బల్ల మీదా ఉంటుంది. అయినా దాన్ని కాగితంలో చుట్టి సీలు వేసి పట్టుకెళ్ళారు.

నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది, క్వార్టరు పోతుంది, దేశనాయకుణ్ణి అవమానించిన వాడన్న పేరు మాత్రం పోదు. మనింటి ఫొటో చూపిస్తే బయటపడొచ్చు. రూలు తప్పినందుకు ఏదో చిన్న శిక్ష వేస్తారు, అంతే. కానీ చూపించగానే ఇది ఎవరి ఫొటో అని అడుగుతారు. పెద్దాయనది కాదని ఆయన కూతురే చెప్పింది. మరి ఎవరిది?

ఇంటికొచ్చి ఫొటో పక్కన అద్దం పెట్టుకుని చూసుకున్నాను. ఎడం రెప్ప. వాలు. కనుబొమ్మ చివర విరుపు కూడా.

రోజూ మనుషుల ముఖాలు కొలిచి బతికేదానివి. నా మొదటి కళ్ళజోడు నువ్వే పెట్టావు. నీకు కనపడలేదంటే నేను నమ్మాలా? నేను అడక్కముందే నాకేం తెలియదు అని రాశావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. నువ్వు నాన్న పోలిక, అందరూ అంటారు. నేను ఎవరి పోలికో ఎవరూ ఎప్పుడూ అనలేదు.

నేను ఎవరి కొడుకుని? అమ్మని అడుగు. వచ్చే నెల మళ్ళీ పిలుస్తారు, ఆలోగా నాకు తెలియాలి.

తమ్ముడు

*

మార్కెట్ మెట్ల వీధి
జూలై

ఒరేయ్,

కన్నతల్లిని ఆ మాట అడగమని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందిరా. ఉత్తరం చించబోయి ఆగిపోయాను. ఎందుకు ఆగిపోయానంటే, ఆ అనుమానం నీకు ఈ నెలలో పుట్టింది, నాకు ఎప్పుడో పుట్టి నాతోపాటే పెరిగింది. నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడే చూశాను ఆ రెప్ప. నిన్ను చూసి గోడ వైపు చూశాను. పెద్దాయన మనింటికి ఎప్పుడొచ్చాడా అనుకున్నాను. కాస్త పెద్దయ్యాక, నువ్వు పుట్టేనాటికే పెద్దాయన పోయి చాలా ఏళ్ళయిందని బడిలో చెప్పారు. అయితే గోడ మీదున్నవాడు ఇంకెవరో అనుకుని, ఆ రోజు నుంచి గోడ వైపు చూడ్డం మానేశాను.

నాన్నకి తెలుసో లేదో నాకు తెలియదు. నిన్ను భుజాన వేసుకుని కుంటుతూ తిరిగేవాడు, నన్ను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. అప్పుడు కుళ్ళుకునేదాన్ని. తరవాత జాలిపడ్డాను.

అడిగాను. నీ ఉద్యోగం పోతుందని కూడా చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకుంది.

అక్క

*

ముద్రణాలయం క్వార్టర్లు
ఆగస్టు

అక్కా,

అయితే నాకు తెలిసిపోయినట్టే. నోరు విప్పని మనిషి ఏం చెప్పదలుచుకుందో అర్థమయ్యేంత వయసు నాకుంది.

నెలాఖరు సోమవారం కమిటీ. ఫొటో తీసుకెళ్ళి బల్ల మీద పెడతాను. ఇది మా ముందు గదిలో ఉండేది, ఎవరిదో మా అమ్మనే అడగండి అంటాను. ఆవిడ పరువు కోసం నేను వీధిన పడాలా? అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించు, ఒక్క అక్షరం వదలకుండా.

*

మార్కెట్ మెట్ల వీధి
ఆగస్టు

చిన్నోడా,

చదివి వినిపించాను. వదలకుండా. ఇప్పుడు నేను రాసేది నువ్వూ వదలకుండా చదువు.

అమ్మ లేచి కూర్చుంది. నన్ను చూడలేదు, ఆ కళ్ళతో చూసినా చూడకపోయినా ఒకటే. "ఆయన మీ పెద్దాయన కాదు. మా అన్నయ్య" అంది.

తోడబుట్టినవాళ్ళు లేరన్నావు కదా అన్నాను. ఉన్నాడని ఎలా చెప్పను అంది. బడి పుస్తకంలో పెద్దాయన పాఠం చివర ఒకే ఒక్క వాక్యంలో వస్తాడు చూడు, ఆయన దాక్కున్న ఇల్లు పోలీసులకి చెప్పిన ద్రోహి. ఆ పేరు పెట్టి నువ్వు తోటి పిల్లల్ని తిట్టేవాడివి, గుర్తుందా? ఒకసారి వంటింట్లోకి వినపడేలా తిట్టావు, అమ్మ నీ వీపు చిట్లగొట్టింది. బూతుమాటకి కొట్టిందనుకున్నాం. అది మన మేనమామ పేరురా.

ఆయనా నాన్నా ప్రాణస్నేహితులట. పెద్దాయనకి కబుర్లు మోసేవాళ్ళట ఇద్దరూ. ముందు మామయ్య దొరికాడు. ఏం చేశారో అమ్మ చెప్పలేదు, చేతి గోళ్ళు చూసుకుంటూ ఉండిపోయింది. ఆయన చెప్పేశాడు. పెద్దాయన్ని పట్టుకున్నారు, ఆ ఇంట్లోనే ఉన్న నాన్ననీ పట్టుకున్నారు. నాన్న కాలు విరిగింది అక్కడే. పెద్దాయన జైల్లో పోయాక మామయ్యని వదిలేశారు. ఊరు ఊరంతా వాళ్ళ గుమ్మం మీద ఉమ్మేసింది. ఓ తెల్లవారి చూస్తే ఆయన చెప్పులు గుమ్మంలో ఉన్నాయి, ఆయన లేడు. మళ్ళీ కనపడలేదు.

ద్రోహి చెల్లెల్ని ఎవరు చేసుకుంటారు? జైలు నుంచి కుంటుకుంటూ వచ్చి నాన్న చేసుకున్నాడు. ఊరు మార్చాడు. కొత్తింట్లో అమ్మ పెట్టె అడుగున ఈ ఫొటో దొరికితే, తిడతాడేమోనని ఆవిడ భయపడిందట. అమ్మ మాటల్లోనే రాస్తున్నాను: "ఆ మేకు కొట్టింది మీ నాన్నేనే. సుత్తి పట్టడం రాక వేలు చితక్కొట్టుకున్నాడు. 'వాణ్ణి ముందు పట్టుకున్నారు, వాడు చెప్పాడు. నన్ను ముందు పట్టుకునుంటే నేను చెప్పేవాణ్ణి. వీణ్ణి పెట్టె అడుగున పెట్టకు' అన్నాడు."

ఎవరైనా అడిగితే ఏం చెప్పాలని అమ్మ అడిగిందట. గడ్డం, మీసం, పాపిడి అన్నీ అలాగే ఉన్నాయి, పెద్దాయన అని చెప్పమన్నాడట నాన్న. ఆ మాట మొట్టమొదట నాతో చెప్పారు. నేను నీతో చెప్పాను. నువ్వు దేశానికి చెప్పావు.

నువ్వు పుట్టినప్పుడు ఆ రెప్ప చూసి నాన్న ఏడ్చాడట. వాడు తిరిగొచ్చాడు అన్నాడట. నిన్నెందుకు కిందికి దించేవాడు కాదో ఇప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళు ఎంత పాడు ఆలోచన మోశానురా, తలుచుకుంటే సిగ్గేస్తోంది.

ఫొటో నీ దగ్గరుంది. ఉద్యోగం నీది. చూపిస్తే ఆ పేరు తవ్వుతారు, ద్రోహి కళ్ళు పెద్దాయన ముఖంలో పెట్టారని ఊరూరా చెప్పుకుంటారు. చూపించకపోతే నువ్వు పోతావు. ఏం చెయ్యమంటావని అమ్మని అడిగాను. చూపించమనలేదు. వద్దని కూడా అనలేదు, అదే నాకు భయంగా ఉంది.

అక్క

*

ముద్రణాలయం క్వార్టర్లు
సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం చదివి మొదట నమ్మలేదు. అమ్మ తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి అన్నయ్యని పుట్టించిందనుకున్నాను. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు, అది నీ ఉత్తరాన్ని కూడా మింగబోయింది. తరవాత ఆలోచిస్తే ఒకటి తట్టింది. పరువు కోసం చుట్టాన్ని కల్పించుకునేవాళ్ళు గొప్పవాణ్ణి కల్పించుకుంటారు గానీ, దేశమంతా ఉమ్మేసేవాణ్ణి కల్పించుకోరు. అప్పుడు నమ్మాను. నమ్మాక నేను రాసిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అమ్మకి అవన్నీ చదివి వినిపించమన్నాను కదా, వదలకుండా.

ఆ సోమవారం ఫొటో జేబులో పెట్టుకునే వెళ్ళాను. గుమ్మం దాకా ఏం చెప్పాలో తెలియదు. అద్దం సీలు విప్పి నా ముందు పెట్టి, ఈ కళ్ళు ఎవరివి అని అడిగారు. అద్దంలోకి చూశాను. మామయ్య ఉన్నాడు. ఆయన్ని కూడా ఇలాగే ఓ బల్ల ముందు నిలబెట్టి అడిగి ఉంటారు అనిపించింది. నన్ను ఎవరూ కొట్టలేదు, కుర్చీ కూడా వేశారు. అయినా కూర్చోలేకపోయాను.

"నావేనండి. అద్దంలో చూసి చెక్కాను" అన్నాను.

ఒప్పుకున్నాను కదా అని ఉద్యోగం తియ్యలేదు గానీ, పిట్టలు కూడా పోయాయి. అంచుల చిల్లులు సరిగ్గా పడ్డాయో లేదో చూసే గదిలో వేశారు. జీతం తగ్గింది, క్వార్టరు ఉంచారు. స్టాంపుని మాత్రం వెనక్కి తీసుకోరట, పెద్దాయన స్టాంపు రద్దు చేస్తే ఆయనకి అంతకంటే అవమానమట. క్యాంటీన్లో నా పేరు ఇప్పుడు పెద్దాయన. టీ ఇచ్చేవాడు కూడా లేచి దణ్ణం పెడుతున్నాడు. నవ్వుకోనీ.

ఫొటో దీనితో పంపుతున్నాను. మేకు జాగ్రత్త, ఊడదీయకండి.

తమ్ముడు

*

మార్కెట్ మెట్ల వీధి
అక్టోబరు

చిన్నోడా,

ఫొటో వచ్చింది. అమ్మ తన చేత్తోనే తగిలించింది. మేకు ఎక్కడుందో గోడంతా తడమాల్సిన పని పడలేదు.

నీ ఉత్తరం చదివాను. నావేనండి అన్న దగ్గర ఆపమంది. మళ్ళీ చదవమంది. తరవాత ఆపరేషన్ ఎంతవుతుందని అడిగింది. ఇన్నేళ్ళు నా గొంతు నొప్పిపుట్టేలా అరిచినా వినని మనిషి. నిన్ను ఒకసారి సరిగ్గా చూడాలట.

ఇక్కణ్ణుంచి పోస్టాఫీసు బల్ల మీద రాస్తున్నాను, కవరు ఇంకా అతికించలేదు. ఈ కవరు పోస్టు చెయ్యడానికి తనూ వస్తానంది. మెట్లు దిగి, నా చెయ్యి పట్టుకుని పోస్టాఫీసు దాకా నడిచింది. తలగడ కింది స్టాంపుల్లోంచి ఒకటి తీసి తనే అంటించింది, కాస్త వంకరగా. కౌంటర్లో గుమాస్తా ముద్ర ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"కళ్ళ మీద పడకుండా వెయ్యి నాయనా."

అతను నవ్వి, పెద్దాయనంటే ఎంత అభిమానమమ్మా అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళంతా మా వైపు చూస్తున్నారు. నేను అమ్మ మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాను. అమ్మ తొణక్కుండా, అందరికీ వినపడేట్టు చెప్పింది.

"మా అన్నయ్య నాయనా."

"దేశం మొత్తానికీ అన్నయ్యే కదమ్మా" అని అతను ముద్రని జాగ్రత్తగా ఓ మూలకి వేశాడు. కవరు పారెయ్యకు.

అక్క